దొరసాని పురుడు

హలో… ఆఁ, నేనేనక్కా. నా ఫోను నేను కాక ఇంకెవరు ఎత్తుతారు.

…వినపడుతోందా? ఇంతకన్నా గట్టిగా మాట్లాడలేను. పడగ్గదిలో ఉన్నాను, గడియ పెట్టుకుని.

…లేదు లేదు, గొడవేం కాలేదు.

…ఆయనతో కూడా కాలేదు. అబ్బ, ఏడవడం లేదక్కా, గుసగుసగా మాట్లాడుతున్నాను. దానికీ దీనికీ తేడా తెలీదా నీకు? ఇది ఇప్పుడు పురిటిగది. ఇక్కడ గొంతు లేపకూడదని డాక్టరమ్మ ఆర్డరు.

…పురుడే. మా దొరకి.

…ఏ దొర ఏమిటి, మా ఇంట్లో ఎంతమంది దొరలున్నారు — సరే, ఉన్నారనుకో. నేను చెప్పేది గాజుపెట్టెలో దొర గురించి. బల్లి.

…ఊఁ.

…నవ్వు. కడుపారా నవ్వుకో. నేను ఆగుతాను, నాకిక్కడ వేరే పనేం లేదు.

…అయిందా?

…నువ్వు చూశావు కదా, మొన్న వచ్చినప్పుడు. మూరెడు పొడుగు, ఒళ్ళంతా ముళ్ళు, గొంతు కింద గడ్డం. బియర్డెడ్ డ్రాగనట. పిల్లలిద్దరూ హాస్టళ్ళకి వెళ్ళాక ఇల్లు బోసిపోయిందని ఆయన తెచ్చారు. నన్నడిగితే, ఇల్లు బోసిపోతే కిటికీలో ఓ పూలకుండీ పెట్టుకోవచ్చు. ఆయన బల్లిని తెచ్చారు.

…ఆఁ, మగదనే చెప్పాడు కొట్టువాడు. ఆడో మగో ఎలా తెలుస్తుందని నేనడిగాను. "గడ్డం ఉంది కదమ్మా" అన్నాడు. ఆయన కూడా నా వంక జాలిగా చూశారు, గడ్డం ఉన్నవాణ్ణి పట్టుకుని ఆడదా అని అడుగుతుందేమిటి ఈ మనిషి అన్నట్టు.

దాంతో పేరు దొర. పొద్దున్నే భుజం మీద ఎక్కించుకుని పేపరు చదవడం. వచ్చిన ప్రతివాడికీ చూపించడం. "చూశావా, తల ఎలా ఎత్తి కూర్చున్నాడో, ఎవరికీ లొంగడు, అచ్చం నాలాగే." లిఫ్టులు బిగించే ఆఫీసులో నలుగురి చేతా చీవాట్లు తినొచ్చే మనిషి, ఇంటికొచ్చి బల్లిని చూసి ఛాతీ విరుచుకునేవారు. పోనీలే, ఆయన ముచ్చట ఆయనదని ఊరుకున్నాను.

…అదే చెప్పబోతున్నాను. కిందటివారం నుంచి తిండి మానేసింది. పురుగులేస్తే మొహం తిప్పేసుకుంటుంది. ఆకులేస్తే తొక్కేస్తుంది. పెట్టెలో కాలుగాలిన పిల్లిలా ఒకటే తిరుగుడు. మూల దగ్గర నిలబడి గాజుని గోకడం, గోకడం, గోకడం. రాత్రనక పగలనక అదే చప్పుడు. పళ్ళు జివ్వుమనేవి నాకు.

…ఇంట్లో ఏమంటారు. తలో మాట. అరిగించుకోలేక అలా ఉన్నాడు, రెండు రోజులు కడుపు మాడిస్తే దారికొస్తాడని ఆయన. అలిగాడు, పెంచినవాడి బుద్ధులు రాకుండా ఉంటాయా అని మా అత్తగారు. ఇక మా మరిది — నీకు తెలుసుగా, ఏదైనా సరే ఒక వీడియో చూస్తే చాలు, అందులో పట్టా పుచ్చుకున్నట్టే — "ఇది ఈడొచ్చిన లక్షణం వదినా, జోడీ కోసం తపిస్తున్నాడు" అని తేల్చేశాడు.

…ఉండు, నవ్వకు, ఇంకా ఉంది. సంబంధాలు చూశారు.

…ఒట్టు. కొట్టువాడి దగ్గర్నుంచి ఫోటోలు తెప్పించారు అన్నదమ్ములిద్దరూ. సోఫాలో కూర్చుని ఒక్కొక్క ఆడబల్లినీ పరీక్షగా చూడటం. ఇది మరీ నలుపు, దీని తోక పొట్టి, ఇది పొగరుగా కనిపిస్తోంది, మనవాడి మెతకతనానికి సరిపడదు. మధ్యలో అత్తగారు కళ్ళజోడు తెప్పించుకుని, "మనిషి సంగతి సరే, వాళ్ళ ఇంటివాళ్ళెలాంటివాళ్ళు" అని.

పెళ్ళికొడుకు పక్కనే, కడుపు నిండా గుడ్లతో, గాజు గోక్కుంటూ.

…నాకా? నాకు ఆదివారం తెలిసింది. గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టి తోముతున్నాను. దాని స్నానం, తిండి, పెట్టె కడగడం అన్నీ నావేగా, భుజం మీద ఎక్కించుకోవడం ఒక్కటే ఆయనది. పొట్ట కింద చెయ్యి పెడితే గుత్తుగా తగిలాయి, ద్రాక్షపళ్ళ గుత్తి చర్మం కింద దాచినట్టు. ఇద్దర్ని కన్నదాన్ని, నా చేతికి తెలీదా.

ఆయన దగ్గరికెళ్ళి అన్నాను, ఏవండీ, ఇది ఆడదేమో, కడుపుతో ఉందేమో అని.

…ఏమంటారు. "గడ్డంతోనా?" అన్నారు. మా మరిది పడీపడీ నవ్వాడు. వాడికీ గడ్డం ఉంది, అందుకని నమ్మకం ఎక్కువ.

…వెళ్ళాం, వెళ్ళాం. ముందు మా వీధి చివర కుక్కల డాక్టరు దగ్గరికి. ఆయన ఇటు నొక్కి, అటు నొక్కి, గ్యాసన్నాడు. ఏదో సిరప్ రాశాడు. "మగాడు, గట్టిపిండం, ఏం కాదు" అన్నాడు. మా ఆయనకి ఆ మాట ఎంత నచ్చిందంటే, దారి పొడుగునా అదే మాట. సిరప్ తాగింది దొర. బలం వచ్చింది ఈయనకి.

మర్నాడు పొద్దున చూస్తే వెనక కాలు ఈడుస్తోందక్కా. ఒకే వైపు. కళ్ళు సగం మూసుకుని పడుంది. తిరుగుడు లేదు, గోకుడు లేదు. ఆ గోకుడు ఎప్పుడు ఆగుతుందా అని అన్నాళ్ళూ విసుక్కున్నదాన్ని, ఆగేసరికి మళ్ళీ గోకితే చాలనుకున్నాను.

…ఎవరితో వెళ్తాను, ఒక్కదాన్నే. బూట్ల డబ్బాలో తువ్వాలు పరిచి, దాన్ని పడుకోబెట్టుకుని, బల్లులకీ తాబేళ్ళకీ చూసే డాక్టరమ్మ ఎక్కడుందో కనుక్కుని వెళ్ళాను. పనికి సెలవు పెట్టాల్సొచ్చింది. కళ్ళజోళ్ళ కొట్టు ఓనరుగారికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తోచక, మా ఇంట్లో డెలివరీ అండీ అన్నాను.

…వారం ఇచ్చేశారు. "కాన్పు కష్టంగా ఉందామ్మా?" అని కూడా అడిగారు పాపం. అవునండీ అన్నాను. అబద్ధం ఏముంది అందులో?

…ఎక్స్‌రే తీశారు. ఆవిడ ఆ ఫిలిం దీపానికి ఎదురుగా పట్టుకుంది. ఏముందక్కా లోపల — సంచిలో ముత్యాలు పోసినట్టు. ఇరవైకి పైనే. ఊపిరి తీసుకోవడానికైనా చోటుందా అనిపించింది.

…అదే అడిగాను నేను కూడా. తోడు లేకుండానే పెడతాయట. కోడి పెట్టదూ, పుంజు లేకపోయినా? అలాగే. పిల్లలు రావు, వట్టి గుడ్లు. కానీ పెట్టడం మటుకు తప్పదు, లోపల ఉండిపోతే ప్రాణానికే ముప్పు. గుడ్లు పెట్టడానికి మెత్తటి తడి మట్టి కావాలి, తవ్వుకోవడానికి లోతు కావాలి. అందుకే అన్నాళ్ళూ గాజు గోకింది. మట్టి ఎక్కడుందీ అని అడిగిందక్కా అది. మేం పెళ్ళికూతుళ్ళ ఫోటోలు చూపించాం.

…కాలా? సున్నం తక్కువైందట ఒంట్లో. కాల్షియం. గుడ్ల పెంకులకే అంతా పోయింది. పెట్టెలో ఎండకి బదులు వెలిగే దీపం ఎప్పుడు మార్చారు అనడిగింది డాక్టరమ్మ. కొన్నప్పటి నుంచీ అదే అన్నాను. ఆ దీపం వెలుగు ఇస్తూనే ఉంటుందట, లోపల బలం ఎప్పుడో అయిపోతుందట. బలం అయిపోయినా వెలుగుతూ ఉంటే ఎవరికీ తెలీదమ్మా, అందుకే గడువు చూసి మార్చాలి అంది.

…ఏం లేదు.

…ఆఁ ఆఁ, చెప్తున్నాను. ఇంజెక్షన్ ఇచ్చి, సెలైను లాంటిది ఎక్కించి పంపింది. తడి ఇసుకా మట్టీ కలిపి లోతైన తొట్టి పెట్టండి, వెచ్చగా ఉంచండి, ఒంటరిగా వదిలెయ్యండి. ఆదివారం దాకా చూద్దాం, అప్పటికీ పెట్టకపోతే కోసి తియ్యాలి, ఇంత నీరసంలో కోస్తే లేస్తుందని మాట ఇవ్వలేను అంది.

…ఇంటికొచ్చి చెప్పానా. ఆయన ఆ ఎక్స్‌రే తిరగేసీ బోర్లేసీ చూశారు, వేరేవాళ్ళదేమో అని. పేరు రాసుంది. మర్నాడు పొద్దున భుజమ్మీదకి ఎక్కించుకోలేదు. పేపరు ఒంటరిగా చదువుకున్నారు.

…అత్తగారి అనుమానం వేరు. "మగతోడు లేకుండా ఎలాగే" అని మొదలుపెట్టారు. కోళ్ళ సంగతి చెప్పాను. "కోడి వేరు, అది పరువు గల పక్షి" అన్నారు. తర్వాత చూస్తే చీపురు పట్టుకుని స్టూలెక్కి ఉన్నారు, ట్యూబులైటు వెనక కాపరముండే గోడబల్లిని తరుముతూ.

…నిజంగానే. "వాడి వాలకం నాకు మొదట్నుంచీ నచ్చలేదు" అన్నారు. అదేం పాపం చేసిందక్కా, దోమలు తింటూ బతికేది. అదే పోవడం, మళ్ళీ కనిపించలేదు.

…లేదులే, ఆయన మారారు. రెండోరోజుకే. మా మరిది ఏదో వీడియో చూపించాడు, గుడ్లు పొదిగే పెట్టె గురించి. ఇక చూడు, తాతయ్య అయిపోయినంత హడావిడి. వట్టి గుడ్లండీ, పిల్లలు రావు అని చెప్తే, "ప్రయత్నలోపం ఉండకూడదు" అంటారు. పేర్లు కూడా ఆలోచించారు. అన్నీ మగ పేర్లే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని అందుకే అన్నారు పెద్దలు.

ఇప్పుడు దొర కాదులే. దొరసాని. పేరు మార్చడానికి మాత్రం ఆయనే ముందుకొచ్చారు.

…తొట్టి ముందు హాల్లోనే పెట్టాం. పెట్టగానే తవ్వడం మొదలుపెట్టింది, మట్టి వాసనకే ప్రాణం లేచొచ్చినట్టు. అంతే, అందరూ చుట్టూ చేరారు. ఆయన కుర్చీ లాక్కుని. మరిది ఫోను స్టాండుకి బిగించి, ఎవరెవరికో లైవులో చూపిస్తూ. పై ఇంటివాళ్ళు పిల్లలతో సహా దిగొచ్చారు. అది తవ్వడం ఆపేసి వీళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంది. నలుగురూ అలా గుడ్లప్పగించి చూస్తుంటే అది గుడ్లెలా పెడుతుంది చెప్పు?

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే చీవాట్లు పెట్టింది. "మీరైతే హాల్లో కంటారా అమ్మా?" అంది.

…కనలేదనుకో. ఆసుపత్రిలోనే కన్నాను. కానీ చంటిదాన్ని తీసుకుని ఇంటికొచ్చిన రోజు గుర్తుందా నీకు? నువ్వే ఉన్నావుగా. ఆ హాల్లోనే, చాప మీద. నన్ను చూడటానికి వచ్చినవాళ్ళందరికీ నేనే లేచి టీ కాచాను. కుట్లు పచ్చిగా ఉన్నాయి. ఎవరో అన్నారు కూడా, ఎంత చురుగ్గా తిరుగుతోందో అని. మెచ్చుకోలు అనుకుని సంతోషపడ్డాను పిచ్చిదాన్ని.

…సరేలే, వదిలెయ్. అయిపోయిన పెళ్ళికి మేళమెందుకు.

…అదీ సంగతి. మాటల్తో వినేలా లేరని, తొట్టి ఎత్తుకుని తెచ్చి ఈ గదిలో పెట్టేశాను. ఇంట్లో గడియ పడే తలుపు ఇదొక్కటేగా. ఆయన దుప్పటీ దిండూ బయటపెట్టాను. మరి నేనెక్కడ పడుకోను అన్నారు. సోఫా ఉందిగా, సంబంధాలు చూసిన సోఫా.

…అన్నాను. మొహం మీదే అన్నాను. నాకే ఆశ్చర్యం వేసింది.

…నేను కావలి. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, నీరసపడితే డాక్టరమ్మకి చెప్పాలి అన్నాను. నిజమే కూడా. దాని వైపు వీపు పెట్టుకుని కూర్చుంటాను, కనురెప్ప కూడా దాని మీద పడకుండా. నిన్న పొద్దున్నుంచీ ఇక్కడే.

…ఏం చేస్తానా? ఏమీ చెయ్యను. మొదట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కిటికీలోంచి ఎండ ఎలా జరుగుతుందో చూశాను. కాలిగోళ్ళు తీసుకున్నాను. నిన్న మధ్యాహ్నం కూర్చున్నచోటే నిద్రపోయాను. లేచేసరికి ఎవరూ పిలవలేదు, ఏదీ మాడలేదు. భయమేసింది తెలుసా, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమో అని.

…వంటా? అది చెప్తే నమ్మవు. మా అత్తగారు.

…అవును, ఆవిడే. నిన్న తలుపు దగ్గరికొచ్చి, ఒక్క నిమిషం రానివ్వవే అన్నారు. రానిచ్చాను. వచ్చి తొట్టి వైపు చూడను కూడా చూడలేదక్కా. నా పక్కన నాలాగే వీపు తిప్పుకుని కూర్చున్నారు. అది వెనకాల మట్టి గీరుతూనే ఉంది. చాలాసేపు విన్నారు. తర్వాత అన్నారు, "నీ మొగుణ్ణి కన్న మూడోనాడు నేను బావి నుంచి నీళ్ళు మోశానే. ఎవరూ తలుపేసుకోమనలేదు. తలుపేసుకోవచ్చని నాకూ తెలీదు."

…అంతే. ఆవిడ ఏడవలేదు. గుడ్ల నీళ్ళు కుక్కుకుని లేచి వెళ్ళిపోయారు. వెళ్ళి స్టూలు తెచ్చుకుని ఈ తలుపు బయట కూర్చున్నారు. ఇక చూసుకో, ఆయన ఇటు రాబోతే అటు, మరిది ఇటు రాబోతే అటు. గోడబల్లిని తరిమిన చీపురే.

…ఉండు.

…ష్. ఉండు ఒక్క నిమిషం. చప్పుడు మారింది.

…లేదు, చూడటం లేదు. చేతి అద్దం ఉంది, అందులోంచి చూస్తున్నాను. అది నా వంక చూడటం లేదుగా, పర్వాలేదు… సొరంగంలోంచి తోక ఒక్కటే బయట కనిపిస్తోంది. పొద్దున్న అటు తిరిగి తవ్వింది. ఇప్పుడు వెనక్కి తిరిగి కూర్చున్నట్టుంది. కదలడం లేదు.

…ఏమో. డాక్టరమ్మ చెప్పింది, తిరిగి కూర్చుందంటే దగ్గరపడినట్టే అని. ఆ మాటే అంది, రెండు రకాలుగానూ వినపడింది నాకు.

…నువ్వు పెట్టెయ్యకు. మాట్లాడుతూ ఉండు. నువ్వు మాట్లాడితే నాకు ధైర్యంగా ఉంటుంది.

…ఏదో ఒకటి. అయితే నేనే చెప్తాను విను. మొన్న రాత్రి పెద్ద మీటింగయింది ఇంట్లో. ఇది గట్టెక్కితే, కోలుకున్నాక గర్భసంచి తీయించెయ్యడం మంచిదని డాక్టరమ్మ సలహా. లేకపోతే ప్రతి ఏడూ ఇదే గండమట. మా మరిది, తీయిస్తే రంగు పోతుందని వీడియోలో చూశానన్నాడు. ఆయన, అప్పుడది ఆడా కాదు మగా కాదు, నలుగురికీ ఏమని చెప్పాలి అన్నారు. రెండు గంటలు మాట్లాడారక్కా, ఆ సంచి వాళ్ళ ఒంట్లోనే ఉన్నట్టు. దానికి తిండి పెట్టేదాన్ని నేను. ఒక్కరూ నన్నడగలేదు.

…ఆఖరికి ఒప్పుకున్నారులే. ఆయనే నిన్న డాక్టరమ్మకి ఫోన్ చేసి, "ఎంతయినా పర్వాలేదు, ప్రాణం ముఖ్యం, ఆడప్రాణి కదండీ, జాగ్రత్తగా చూడాలి" అన్నారు. నేను ఇటు గదిలో ఉండి విన్నాను.

…తెలుసు నువ్వేం అంటావో.

…తెలుసక్కా. అమ్మకి అన్నం పెట్టనివాడు పిన్నమ్మకి పట్టుచీర పెడతానన్నాడట.

…నా సంగతీ చెప్పాను ఆయనకి. ఒకసారి కాదు. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంటోంది, కళ్ళు తిరుగుతున్నాయి, మెట్లెక్కలేకపోతున్నాను అని. "ఈ వయసులో అందరికీ మామూలే" అన్నారు. అది కూడా పేపర్లోంచి తల ఎత్తకుండా. చెడ్డవారు కాదక్కా, నీకు తెలుసు. దీని కాలు ఈడవడం కళ్ళకి కనిపించింది. నాది కనిపించలేదు. నేను వెలుగుతూనే ఉన్నానుగా.

…తిట్టకు. చేశాను. విను — ఫోన్ చేశాను ఆసుపత్రికి. ఇవాళ పొద్దున్నే, ఈ గదిలోంచే. హాల్లో అయితే ఎవరో ఒకరి చెవి ఉంటుంది, ఎన్ని రోజులు, ఎంత పోతోంది అని అడిగితే గొంతు పెగలదు. ఇక్కడ అన్నీ చెప్పేశాను. దొరసాని ఒక్కతే విన్నది. బుధవారం రమ్మన్నారు, స్కానింగు తీస్తారట. నువ్వు తోడొస్తావా?

…ఊఁ. సరే. పొద్దున్నే వచ్చెయ్.

…లేదు, ఇప్పుడు నిజంగానే ఏడుస్తున్నాను కాస్త. ఏం కాలేదు. వస్తానన్నావుగా, అందుకు.

…అక్కా.

…అక్కా, వస్తోంది. బయటికి వస్తోంది. తల… మొహం నిండా మట్టి. ఓ కాలు… రెండో కాలు. ఈడవడం లేదు, చూడు, ఎత్తి వేస్తోంది… ఎంత సన్నబడిపోయిందో. ఖాళీ సంచిలా ఉంది. పొట్ట లేనే లేదు. ఎముకలు బయటపడ్డాయి.

…ఆఁ. ఆఁ, పెట్టేసినట్టే. ఉండు, లోపలికి చూస్తాను… తెల్లగా… అమ్మో. ఒకదాని మీద ఒకటి, చక్కగా పేర్చినట్టు. ఎంత మెత్తగా ఉన్నాయో పైకి. అంతా ఆ చిన్న ఒంట్లోదేనా?

…లేదు, ముట్టుకోలేదు. అదే మట్టి కప్పుతోంది. ముక్కుతో తోస్తోంది, లేచి నిలబడ్డానికే ఓపిక లేదు, అయినా కప్పుతోంది. వట్టివే. పిల్లలు రావు. దానికెవరు చెప్తారు.

…కప్పనీ. నాకేం తొందర. దాని పని అది చూసుకోనీ.

…ఇప్పుడా? చుక్క చుక్కగా నీళ్ళు పట్టాలి. డ్రాపరు ఇచ్చింది డాక్టరమ్మ. ఒళ్ళు కడిగి, వెచ్చగా కొత్త దీపం కింద పడుకోబెట్టాలి. రెండు మూడు రోజులు ఎవరూ కదపకూడదు… ఇదిగో, తాగుతోంది. నాలుక చాపి తాగుతోంది. తాగు తల్లీ, తాగు.

…ఉండక్కా. తలుపు కొడుతున్నారు. లైన్లోనే ఉండు.

ఏవండీ?

…వింటున్నానండీ.

…లేదండీ. ఇంకా పెట్టలేదు.

…తవ్వుతూనే ఉంది. అదే చప్పుడు మీకు వినపడింది. కాదు, లోపలికి రావద్దు. ఫోటో వద్దు. ఏదైనా అయితే నేనే పిలుస్తాను.

…మీరు భోంచెయ్యండి.

…హలో, అక్కా? ఉన్నావా?

…అవును, అబద్ధమే. పెట్టేసిందని అన్నానంటే ఈ క్షణంలో నలుగురూ లోపలుంటారు. గుడ్లు పొదిగే పెట్టెలోకి, ఇది ఆయన భుజం మీదకి, నేను వంటింట్లోకి. అది ఇంకా కాళ్ళ మీద నిలబడలేదు.

…డాక్టరమ్మ చెప్పదులే. ఈయన గంటకోసారి చేసి విసిగిస్తుంటే ఈయన నెంబరు ఎత్తడం మానేసింది. నా ఫోనే ఎత్తుతుంది. ఆవిడకి నిజం చెప్పేస్తాను ఇప్పుడే. ఆదివారం దాకా గడువిచ్చింది కదా, ఆదివారమే పెట్టిందనుకుంటారు వీళ్ళు.

…ఆగాగు, బయట అత్తగారు ఏదో అంటున్నారు ఆయనతో. వినపడుతోందా నీకు? ఫోను తలుపు దగ్గర పెడతాను.

…విన్నావా? "తొందరపెట్టకురా, పురుళ్ళు అనుకున్న టైముకి అవుతాయా, ఆదివారం దాటినా దాటుతుంది, వంట నేను చూసుకుంటాను" అంటున్నారు.

…ఏమో. తలుపు కింద సందుంది. ఆవిడ చెవులు నీకు తెలుసుగా. తవ్వే చప్పుడు ఆగిపోయిందని ఆవిడకి మటుకు తెలీదా, ముగ్గుర్ని కన్న మనిషి.

…తెలిసే అన్నారంటావా?

…మరి నేనెందుకు అడుగుతాను. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

…నిద్రపోయింది ఇది. దీపం కింద, నోరు కొంచెం తెరుచుకుని. పక్కన చాప వేసుకుంటాను నేను కూడా.

…ఊఁ. లేదు, ఆకలి లేదు. లేచాక తింటాను. ఎప్పుడు లేస్తే అప్పుడు.

…సరే అక్కా. పెట్టేస్తున్నాను. ఫోను కూడా ఆపేసి పడుకుంటాను.